పాఠశాలలకు ప్రభుత్వ ద్రవ్యము: సమత్వము, న్యాయము

మన పాఠశాలలో ప్రతి దినము ఉదయమున గంట మ్రోగును. పిల్లలు వరుసలు తీరుదురు. నల్లబల్లపై సుద్దతో నాటి తేది వ్రాయబడును. ఈ గంటకును, ఈ బల్లకును, ఈ సుద్దముక్కకును సొమ్మెచ్చటనుండి వచ్చుచున్నదని యెందఱు విద్యార్థు లాలోచించియుందురు? ఈ వ్యాసమున పాఠశాలలకు ప్రభుత్వము ధనమొసగు పద్ధతి యెట్లు పుట్టినది, అందలి లోపములేవి, న్యాయమైన పంపకమెట్లుండవలెను అను మూడు సంగతులను క్రమముగా విచారింతము.

మన దేశమున పాఠశాలలకు గ్రాంటు లొసగు పద్ధతికి మూలము 1854వ సంవత్సరమున చార్లెస్ వుడ్ దొరగారు పంపిన లేఖ. మచిలీపట్టణమున 1843లో రాబర్టు నోబిల్ దొరగారు స్థాపించిన పాఠశాలవంటివి అంతకు పూర్వమే యుండెను గాని, అట్టివానికి నియమబద్ధమైన ప్రభుత్వ సహాయ మేర్పడినది ఈ లేఖ తరువాతనే. పాఠశాలకు స్థానికమైన నిర్వాహకు లుండవలెను. లౌకిక విద్య చక్కగా గఱపవలెను. ఇన్‌స్పెక్టరు తనిఖీకి లోబడవలెను. పిల్లలనుండి యెంత స్వల్పమైనను ఫీజు గైకొనవలెను. ఇవి యందలి ముఖ్య నియమములు. ఎవరు తమంతట తాము కొంత కూర్చుకొందురో వారికి ప్రభుత్వము తోడ్పడునని దీని సారాంశము.

వినుట కిది మంచి మాటయే. కాని లెక్క వేసి చూతము. కాలువ నీరు పాఱెడి మాగాణి గ్రామమొకటి, వానపైనే యాధారపడిన మెట్ట గ్రామమొకటి కలవనుకొందము. మొదటి గ్రామము తన బడికి 1000 రూపాయలు, రెండవది 100 రూపాయలు కూర్చెను. ఎంత కూర్చిన అంతయే ప్రభుత్వ మిచ్చునెడల, మొదటి బడికి 2000, రెండవదానికి 200 లభించును. మొదట వాని నడుమ వ్యత్యాసము 900 రూపాయలు. ప్రభుత్వ సహాయము తరువాత 1800 రూపాయలు. లేమిని తీర్పవచ్చిన ధనము లేమిని రెట్టింపు చేసినది! పైగా, మెట్ట గ్రామమువారు తమ కలిమిలో నెంత పాలిచ్చిరో యెవరును చూడరైరి. పేద విధవరాలు వేసిన రెండు కాసులను గూర్చి ఆదివారపు బడిలో విన్న పిల్లల కీ భేదము సులభముగా బోధపడును.

తరువాత మఱొక పద్ధతి వచ్చెను. దానికి ఫలితములనుబట్టి చెల్లింపు అని పేరు. ఇంగ్లండునందు 1862లో నిది స్థిరపడెను. మన మద్రాసు రాజధానియందును అమలుజరిగెను. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువుట, వ్రాయుట, లెక్కలయందు పిల్లలను పరీక్షించును. తేఱినవారి సంఖ్యనుబట్టి గ్రాంటు వచ్చును. దాని ఫలమేమన, ఉపాధ్యాయులు పిల్లలచే పాఠములను వల్లె వేయించిరి. తనిఖీ దినము తప్ప వేఱు గుఱి లేకపోయెను. మందబుద్ధియు, రోగియు, తఱచు కూలికి పోవువాడును గురువుగారి కంటికి శిష్యుడుగా గాక నష్టముగా కనబడసాగెను. ఎక్కువ సాయము కావలసినవానికే తక్కువ సాయము దొరకెను. 1904వ సంవత్సరపు విద్యా తీర్మానముతో భారత ప్రభుత్వ మీ పద్ధతిని విడనాడెను.

ఈ లోపములను గుర్తించినవారిలో గోపాలకృష్ణ గోఖలేగారు ముఖ్యులు. 1911లో వారు శాసనసభయందు నిర్బంధ ప్రాథమిక విద్యకై బిల్లు ప్రవేశపెట్టిరి. ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రభుత్వమును, ఒక వంతు స్థానిక సంస్థయు భరింపవలెనని వారి యోచన. 1912లో 38 మంది వ్యతిరేకింపగా, 13 మంది మాత్రమే సమర్థింపగా బిల్లు వీగిపోయెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువఱకు పిల్లలందఱకు ఉచిత విద్య యొసగుటకు పదేండ్లలో యత్నింపవలెనని ప్రభుత్వమును ఆదేశించెను. ఆ పదేండ్లు 1960తో గడచినవి. విద్య ప్రాథమిక హక్కుగా రాజ్యాంగమున చేరినది 2002లో. దానికి చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిలు 1 నుండి అమలయ్యెను. గోఖలేగారి బిల్లునుండి యీ చట్టమునకు నూఱేండ్లకు రెండేండ్లే తక్కువ.

ఇక పంపకమునుగూర్చి. తలకింత యని యందఱికి సమానముగా పంచిన న్యాయము కాదా యని కొంద ఱడుగుదురు. కాదనియే మా యుత్తరము. ఇరువదిమంది చదువు బడికప్పు కారినను, రెండువందలమంది చదువు బడికప్పు కారినను, వాన నీ రొక్కటే. కప్పునకు పిల్లల సంఖ్య తెలియదు. 2009 చట్ట మీ సత్యమును గుర్తించినది. ఐదవ తరగతివఱకుగల బడిలో పిల్లలు అరువదిమంది యున్నను, పండ్రెండుగురే యున్నను, ఇరువు రుపాధ్యాయు లుండవలెనని యందు విధింపబడినది. ఇది తలలనుబట్టిగాక అవసరమునుబట్టి వేసిన లెక్క.

ఈ మాటను మేము పుస్తకమున జదివి మాత్రమే చెప్పుటలేదు. ఉపాధ్యాయ శిక్షణ ముగించి మేము మొదట ప్రవేశించినది మెట్టప్రాంతమున నొక ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకే గది, ఐదు తరగతులు. ఒకటవ తరగతివారిచే అక్షరములు దిద్దించుచుండగా, ఐదవ తరగతివారు భాగహారము ముగించి, పలకలు ఒడిలో పెట్టుకొని మా మొగము చూచుచు కూర్చుండెడివారు. వాన వచ్చినపుడు పుస్తకముల నొక మూలకును, పిల్లల నొక మూలకును జేర్చెడివారము. పైవారికి వ్రాసితిమి. పిల్ల లిరువదిమందియే గదా యని ప్రత్యుత్తరము వచ్చెను. ఆ యిరువదిమందిలో నొక బాలిక లెక్కలయందు మిక్కిలి చుఱుకైనది. ఐదవ తరగతి ముగిసినపిమ్మట చదువుటకు పై బడి దూరము; పోవుటకు సాధనము లేదు. ఆ యేడే యామె మిరపకోతకు పోయెను. కొఱత యామె తెలివియందు లేదు. ఆమెకై వెచ్చింపవలసిన ధనమునందున్నది.

కనుక న్యాయమైన పంపకము చాలదు. పంచుటకు దగినంత ధనమును కావలెను. 1964 మొదలు 1966 వఱకు పనిచేసిన కొఠారీ సంఘము జాతీయాదాయమున నూటికి 6 పాళ్లు విద్యకై వెచ్చింపవలెనని సూచించెను. 2020 నూతన విద్యావిధానము దేశాదాయమున నదే 6 పాళ్లను మరల కోరినది. అందుదాహరించిన 2017-18 లెక్కనుబట్టి కేంద్రరాష్ట్ర ప్రభుత్వములు రెండును వెచ్చించినది 4.43 పాళ్లు మాత్రమే.

ధనము గోరువారికి బాధ్యతయు గలదు. మిషను పాఠశాలలు ప్రభుత్వ సహాయమును పెక్కేండ్లుగా పొందినవి. అల్పసంఖ్యాకుల నిర్వహణలో నున్నదన్న కారణముచే సహాయమున భేదము చూపరాదని రాజ్యాంగము 30వ అధికరణము చెప్పుచున్నది. అట్టి రక్షణ పొందిన మనము, ప్రజలనుండి వచ్చిన ప్రతి రూపాయికిని లెక్క చూపుటకు సంతోషింపవలెను. అంతేకాదు, మన బడికొఱకే గాక ప్రక్క గ్రామపు బడికొఱకును మాటలాడవలెను. ప్రభుత్వ పాఠశాలల నిర్వాహక సంఘములలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే యుండవలెనని చట్టము. ఆ సభకు పోయి, వచ్చిన గ్రాంటెంత, వెచ్చించినదేమిటికి అని యడుగుట తలిదండ్రులకు హక్కు. అడిగినవారికి విసుగక చూపుట ఉపాధ్యాయులకు ధర్మము.

విద్యార్థులారా, మీరు పెద్దవారై పన్ను చెల్లించునాడును, వోటు వేయునాడును ఒక్క ప్రశ్న మఱువకుడు: ఈ సొమ్ములో కడపటి బడికి, కడపటి బల్లపై కూర్చున్న బిడ్డకు ఏమి చేరినది?

అభ్యాసము

1. మాగాణి గ్రామము 600, మెట్ట గ్రామము 150 రూపాయలు కూర్చినవి. ప్రభుత్వమును అంతంతయే యిచ్చినచో వ్యత్యాసమెంత పెరుగును?
2. అదే సొమ్మును వ్యత్యాసము తగ్గునట్లు మీరైన నెట్లు పంచుదురు?
3. ఫలితములనుబట్టి చెల్లింపువలన ఎట్టి పిల్లలకు హాని కలిగెను? ఏల?