ఒకటో తరగతి టీచరు చదువు: దరఖాస్తు నుంచి తొలి పాఠం దాకా

ఇంటర్ ఫలితాలు రాగానే ఇంట్లో మాట ఇంజినీరింగు, ఫార్మసీ, మామూలు డిగ్రీ చుట్టూనే తిరుగుతుంది. టీచరు చదువు ఊసు ఎప్పుడో మూడేళ్ల తర్వాత, డిగ్రీ చేతికొచ్చాక, "పోనీ బీఈడీ చేస్తావా" అన్న ప్రశ్నగా వస్తుంది. చిన్నపిల్లలకు చదువు చెప్పాలనుకునేవారికి అప్పటికి ఆలస్యమైపోతోంది. బీఈడీ చదివినవారు ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. వారికీ ఆ తలుపు తెరుస్తూ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2018లో ఇచ్చిన ప్రకటన చెల్లకుండా పోయింది. ఆ పోస్టుల కోసం ఏళ్లతరబడి చదివినవాళ్ల బాధ చిన్నది కాదు. అయినా ఆ తీర్పు సరైనదేనని నా నమ్మకం. పదిహేనేళ్ల పిల్లకు భౌతికశాస్త్రం చెప్పడం ఒక విద్య, ఆరేళ్ల పిల్లకు చదవడం నేర్పడం ఇంకో విద్య. రెండోదానికి విడిగా తయారవ్వాలి. ఆ తయారీ ఇంటర్ రెండో ఏడాదిలోనే మొదలవ్వాలి.

ముందు దారి తేల్చుకోండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే ఎస్జీటీ కొలువుకు బాగా నలిగిన బాట డీఎల్ఈడీ. పెద్దవాళ్లు ఇప్పటికీ టీటీసీ అనే అంటారు. ఇంటర్ తర్వాత డీఈఈసెట్ రాసి, డైట్‌లోనో ప్రైవేటు కళాశాలలోనో రెండేళ్లు చదవాలి. అది డిప్లొమా, డిగ్రీ కాదు. ఇంటర్ నుంచి నేరుగా డిగ్రీగా ఈ చదువు చదవాలనుకుంటే నాలుగేళ్లు పెట్టాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లోనే బీఎల్ఈడీ పేరుతో అలాంటి డిగ్రీ మొదలుపెట్టింది. దాని పాఠ్యక్రమం చూసినవారికి తెలుస్తుంది, బడి పిల్లలను గమనించడం దగ్గర్నుంచి నాటకం, చేతిపనుల దాకా టీచరు చదువులో భాగమేనని అది ఎంత గట్టిగా నమ్మిందో. 2030 నాటికి టీచరుకు కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత డిగ్రీ కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ మాట మీద 2023-24లో మొదలైనదే ఐటెప్, అంటే సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమం. బీఏ, బీఎస్సీ, బీకాంలలో ఒకటీ, బీఈడీ కలిసి నాలుగేళ్లలో, ఎనిమిది సెమిస్టర్లలో పూర్తవుతాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఐటెప్ అంటే ఒకే కోర్సు కాదు, అందులో నాలుగు దశలున్నాయి. మూడేళ్ల వయసు నుంచి రెండో తరగతి వరకు పునాది దశ, మూడు నుంచి ఐదు వరకు సన్నాహక దశ, ఆరు నుంచి ఎనిమిది వరకు మధ్య దశ, ఆ పైన సెకండరీ దశ. మీరు చిన్నపిల్లలకు చెప్పాలనుకుంటే మొదటి రెండు దశల్లో ఒకదానిలో సీటు ఉండాలి. వరంగల్ ఎన్ఐటీ, హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం లాంటి పెద్ద పేర్లు చూసి సంబరపడి దరఖాస్తు పెట్టేయకండి. ఆ సంస్థలో ఈ ఏడాది ఏ దశలో సీట్లున్నాయో, ఏ మాధ్యమంలో చెబుతారో ముందు చూడండి. ఎన్‌సీటీఈ గుర్తింపు పత్రంలో కోర్సు పేరు, దశ, సీట్ల సంఖ్య రాసి ఉంటాయి. ప్రైవేటు కళాశాలైతే ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. ఇంకో మాట. మీ రాష్ట్రంలో వచ్చిన చివరి డీఎస్సీ (టీచర్ల నియామక) ప్రకటన తీసి, ఎస్జీటీ అర్హతల దగ్గర ఏయే కోర్సుల పేర్లున్నాయో ఒక్కో అక్షరం చదవండి. మీరు చేరబోయే కోర్సు పేరు అక్కడ కనబడకపోతే, చేరకముందే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయానికి వెళ్లి అడగండి. నాలుగేళ్లు పెట్టేముందు ఒక పూట పెట్టడం ఎక్కువేమీ కాదు.

ఐటెప్ ప్రవేశానికి ఎన్‌సెట్ అనే జాతీయ పరీక్ష ఉంది. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. ప్రశ్నపత్రం పదమూడు భాషల్లో వస్తుంది, వాటిలో తెలుగు ఒకటి. రెండు భాషలు, మూడు సబ్జెక్టులు, ఒక సాధారణ పరిజ్ఞానం పేపరు, ఒక బోధనాభిరుచి పేపరు, అన్నీ కలిపి 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. దరఖాస్తులో సబ్జెక్టులు ఎంచుకునేముందే మీరు కోరుకునే విశ్వవిద్యాలయాల ప్రాస్పెక్టస్ దగ్గర పెట్టుకోండి. ఏ మేజర్‌కు ఏ సబ్జెక్టు రాయాలో సంస్థను బట్టి మారుతుంది. మంచి మార్కులొచ్చినా సబ్జెక్టు కలవక సీటు పోయే అవకాశం ఉంది. సీట్లు పంచేది ఎన్‌టీఏ కాదన్నది కూడా గుర్తుంచుకోండి. అది స్కోరు మాత్రమే ఇస్తుంది. ఆ స్కోరుతో ప్రతి సంస్థకూ విడిగా నమోదు చేసుకుని, దాని కౌన్సెలింగు తేదీలు మీరే కనిపెట్టుకోవాలి.

పరీక్ష చదువుతో పాటే కాగితాల పని మొదలుపెట్టండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయా? ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. కేంద్ర సంస్థల్లో బీసీ విద్యార్థులకు రాష్ట్ర కులపత్రం ఒక్కటే చాలదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం కావాలి, పైగా మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. ఈడబ్ల్యూఎస్ పత్రమైతే ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది. తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం ద్వారా దరఖాస్తు పెట్టి, కౌన్సెలింగు నాటికి చేతిలో ఉంచుకోండి.

సీటు వచ్చింది, హాస్టల్లో చేరారు. మొదటి సెమిస్టర్లో శిశు వికాసం, విద్యా తాత్వికత, భాష, మీ మేజర్ సబ్జెక్టు ఒకేసారి మీదపడతాయి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే, వైగాట్‌స్కీ పేర్లు వినిపిస్తాయి. వాటిని పరీక్ష కోసం నోట్సుగా రాసేసుకుంటే ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. సెలవుకు ఇంటికెళ్లినప్పుడు ఐదేళ్ల పిల్లను కూర్చోబెట్టి, ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. ఒక గ్లాసు నీళ్లను ఆమె కళ్లముందే సన్నటి పొడుగు గ్లాసులోకి మార్చండి. "ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయమ్మా?" అని అడగండి. ఆ వయసు పిల్లలు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. దిద్దకండి. "ఎందుకలా అనుకున్నావు?" అని అడిగి, ఆమె చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. పియాజే చేసిందీ దాదాపు ఇదే.

నా లెక్కన ఈ నాలుగేళ్ల చదువుకు గుండెకాయ ఈ రాసుకోవడమే. బడి పరిశీలనకు పంపినప్పుడు కొత్త విద్యార్థులు తెచ్చే నోట్‌బుక్కుల్లో "రవి చురుకైనవాడు", "లక్ష్మికి చదువు మీద ఆసక్తి లేదు" లాంటి వాక్యాలే ఎక్కువ. అవి తీర్పులు. వాటిలో పిల్లలు కనబడరు. "ఇరవై నిమిషాల్లో మూడుసార్లు లేచి కిటికీ దగ్గరికెళ్లాడు, టీచరు పుల్లలు పంచగానే కూర్చుని అందరికంటే ముందు లెక్కపెట్టాడు" అని రాయండి. అప్పుడు ఆ పిల్లాడికి ఏం కావాలో ఆ వాక్యమే చెబుతుంది. పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది రాసే అలవాటు మొదటి వారంలోనే చేసుకోండి. సెమిస్టరు చివరికి కుడివైపు రాతలు ఎన్ని మార్చుకోవాల్సి వచ్చిందో మీకే తెలుస్తుంది.

తప్పులను కూడా ఇలాగే చదవాలి. రెండో తరగతి పిల్ల 42లోంచి 17 తీసేస్తే 35 వస్తుందని రాసింది. ఎర్రకలంతో ఇంటూ పెట్టడానికి శిక్షణ అక్కర్లేదు. ఆమె ఏం చేసిందో చూడండి. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోలేదు కాబట్టి, 7లోంచి 2 తీసేసింది. పదుల్లో 4లోంచి 1 తీసింది. అంటే తీసివేత ఆమెకు వచ్చు. పది అంటే విప్పగలిగే కట్ట అన్నది ఇంకా అందలేదు. చీపురుపుల్లలు పదేసి కట్టి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఆమె చేతికిచ్చి పదిహేడు ఇవ్వమనండి. కట్ట విప్పక తప్పని క్షణం ఆమెకే వస్తుంది.

చదవడంలోనూ అంతే. "అమ్మ" అని గడగడా చదివిన పిల్లాడు బొమ్మను చూసి చెప్పాడా, అక్షరాలు చూసి చెప్పాడా? బొమ్మ మూసి అడగండి. "పలక" చదివి "పాలకూర" దగ్గర ఆగాడంటే అడ్డం పడింది దీర్ఘమా, కొమ్మా, పదం పొడవా, విడివిడిగా చూడాలి. మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు వచ్చి తీరాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ తొలిమెట్టు కార్యక్రమాలు చేపట్టాయి. ఆ లక్ష్యం నెరవేరేది ఇలాంటి చిన్న ప్రశ్నలు అడగగలిగే టీచరు వల్లే. ఇంట్లో కోయో, గోండో, సవరో, లంబాడీయో మాట్లాడే పిల్ల నోరు మెదపకపోతే "రాదు" అని రాసేయకండి. ఆమెకు తెలుగు కొత్త కావచ్చు, లెక్క కొత్త కాకపోవచ్చు. ఆ భాషలో పది మాటలు నేర్చుకుని వెళ్లండి.

పాఠ్యపుస్తకాల పక్కన రెండు పుస్తకాలు పెట్టుకోండి. గిజుభాయి "పగటికల", తెత్సుకో కురోయనాగి "రైలుబడి". రెండూ తెలుగులో దొరుకుతాయి. మొదటిది మామూలు ప్రభుత్వ బడిలోనే కొత్తగా చెప్పాలని పూనుకున్న టీచరు కథ, రెండోది కొత్తగా చదువు చెప్పిన బడిలో చదువుకున్న పిల్ల జ్ఞాపకాలు. టీచరు వైపు నుంచి, పిల్ల వైపు నుంచి ఒకే గదిని చూడొచ్చు.

ఇక తొలి పాఠం. ఒక పీరియడుకు ఒక్క విషయమే పెట్టుకోండి. రెండో తరగతికి పదులు, ఒకట్లు అనుకుందాం. పాఠ్యప్రణాళికలో "నేను వివరిస్తాను" అన్న వాక్యాలు తగ్గించి, పిల్లలు ఏం చేస్తారో రాయండి. మొదటి ఐదు నిమిషాల్లో ఎవరి చేతిలో ఏముంటుంది? పుల్లలు ఎవరు పంచుతారు? ముందే అయిపోయిన పిల్లలకు ఏమిస్తారు? నల్లబల్ల మీద అక్షరం వెనక బెంచీకి కనబడుతుందా అన్నది ముందురోజు సాయంత్రం ఖాళీ గదిలో చూసుకోండి. పిల్లల పేర్లు ముందే నేర్చుకోండి. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చునే బడి మీకు పడితే, మూడో తరగతికి పని అప్పగించాకే రెండో తరగతితో మొదలుపెట్టండి. మన పల్లెబడుల్లో ఇది మామూలే. కాబట్టి బాగా నడిచే బడితో పాటు అలాంటి బడి కూడా ఒకటి ఇప్పించమని మీ అధ్యాపకులను అడిగి పుచ్చుకోండి.

పాఠం అయ్యాక ఆ తరగతి టీచరు దగ్గర కూర్చోండి. "బాగా చెప్పానా మేడం?" అని అడిగితే, బాగానే చెప్పావమ్మా అంటారు, అంతటితో అయిపోతుంది. "ఎవరెవరు అసలు మాట్లాడలేదు మేడం?" అని అడగండి. ఆవిడ చెప్పిన పేర్లు నోట్‌బుక్కులో ఎడమవైపు రాసుకుని, మర్నాటి ప్రణాళికలో మొదటి ప్రశ్నలు ఆ పిల్లలకు సరిపడేలా మార్చండి.