‘ఎలివేషన్’ అనగా ఏమి?

కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో ఇల్లు కట్టదలచిన వారికి తప్పక ఎదురయ్యే మాట ‘ఎలివేషన్’. దీనిని ఇంజనీరు ఒక అర్థంలో, మేస్త్రి మరొక అర్థంలో, ప్రభుత్వ ఉత్తర్వు వేరొక అర్థంలో వాడడం కద్దు. అర్థం తెలియకనే సరేనన్న వారికి నష్టం వానకాలంలో తెలిసివస్తుంది.

1. రూపం: భవన అనుమతికై సమర్పించే పటాలలో గదుల అమరికను చూపేది ప్లాను. ఇంటిని నిలువునా కోసినట్లు చూపేది సెక్షన్. వెలుపల ఎదురుగా నిలిచినవారికి కనిపించే రూపం ఎలివేషన్. తమిళంలో ‘ముగప్పు తోట్రం’. ఇంటి ముందుభాగపు అలంకారాన్ని ‘ఎలివేషన్ పని’ అనడం దీని నుండి వచ్చినదే.

2. మట్టం: రైల్వే స్టేషనులోని పసుపు పలకపై సముద్ర మట్టం నుండి ఆ ఊరి ఎత్తు వ్రాసి ఉంటుంది. ఈ రెండు ఊళ్లూ సుమారు 100 మీటర్ల ఎత్తున ఉన్నాయి. తమిళులు ‘కడల్ మట్టం’ అంటారు. ‘మట్టం’ ఉభయ భాషలకూ ఉమ్మడి మాట. అయితే ఊరు ఎత్తున ఉన్నంత మాత్రాన ఇంట నీరు చేరదని తలచరాదు. 2023 డిసెంబరు 17, 18 తేదీల కుండపోత వానకు కోవిల్‌పట్టి ఉన్న తూత్తుక్కుడి జిల్లా అతలాకుతలమైంది. తడిసి ఉబ్బిన నల్లరేగడి నేల నీటిని త్వరగా ఇంకనీయదు. పాత తారును తొలగించక పైపైన కొత్తది వేస్తూ పోతే వీధి మట్టం పెరిగి, ఇంటి గడప దిగువన పడుతుంది. కనుక ఇంటికి ముఖ్యమైనది వీధి నుండి నేలమట్టం ఎత్తు.

3. హోదా: 1985లో రామనాథపురం జిల్లాను విభజించినప్పుడు విరుదునగర్ జిల్లా కేంద్రమైంది. ఇటువంటి స్థాయి పెంపును తమిళంలో ‘తరం ఉయర్త్తుదల్’ అంటారు. ఉద్యోగంలోనైతే అది పదోన్నతి.

మీ పిల్లల పదవ తరగతి గణితంలోని ఊర్ధ్వకోణం పేరులోనూ ఈ ఆంగ్లపదమే ఉన్నది. దానిని కంటి మట్టం నుండి కొలుస్తారు. ఏ ఎత్తుకైనా మొదలొకటి ఉండితీరాలి. కావున ఒప్పందానికి ముందే “ఎంగిరుందు ఎవ్వళవు ఉయరం?” అనగా “ఎక్కడి నుండి ఎంత ఎత్తు?” అని అడిగి, ఆ జవాబును అంకెలలో కాగితంపై వ్రాయించుకోవలసినదిగా మనవి. ముఖరూపం మరుసటి ఏడైనా మార్చుకోవచ్చును. పునాది మట్టం మార్చుట సులభం కాదు.