మంచం అంచున పాపాయి

ప్రశ్న: మా పాపకు ఎనిమిదో నెల. పాకుతూ మంచం అంచుదాకా వచ్చేస్తోంది. కింద లోతుందని దానికి తెలియదా, డాక్టరుగారూ?

జవాబు: చాలావరకు తెలుస్తుందమ్మా. అమెరికాలో గిబ్సన్, వాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎత్తు బల్లమీద గట్టి గాజు పరిచారు. గళ్ల గుడ్డను ఒకవైపు గాజుకు ఆనించి, రెండోవైపు కింద నేలమీద వేశారు. 6 నుంచి 14 నెలల పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి తల్లుల చేత పిలిపించారు. 1960లో ఫలితాలు రాశారు: కదిలిన 27 మందిలో లోతువైపు పాకినవాళ్లు ముగ్గురే. అమ్మ పిలుస్తున్నా కొందరు గాజును తట్టి చూసి, ఏడుస్తూ ఆగిపోయారు.

అసలు చిక్కు వేరే. వెనక్కి తిరగబోతూ కొందరి కాళ్లు గాజుమీదికి జారాయి. గాజు లేకుంటే పడేవాళ్లే! కన్ను చూసినంత తొందరగా ఒళ్లు మాట వినదు. దిండ్లు అడ్డుపెట్టి ధీమాగా ఉండకండి, పరుపు నేలమీద వేసేయండి.