వడపోత కాగితం మీద నెత్తుటి చుక్క

అప్పుడే పుట్టిన పాప చక్కగా పాలు తాగుతుంది, కేరుమని ఏడుస్తుంది. చూసిన వారెవరూ లోపముందని అనుకోరు. కాని పదివేల మందిలో ఏ ఒక్కరికో, ఆ పాలతోనే ఒక హాని మొదలవుతుంది.

పాలలోని మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి కదా! వాటిలో ఫినైల్‌అలనిన్ ఒకటి. కాలేయంలోని ఒక ఎంజైము దీనిని టైరోసిన్‌గా మారుస్తుంది. ఆ ఎంజైము పనిచేయని పిల్లల రక్తంలో ఫినైల్‌అలనిన్ పేరుకుపోయి, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఈ జబ్బు పేరు ఫినైల్‌కీటోన్యూరియా. దీనిని 1934లో నార్వే వైద్యుడు అస్బ్యోర్న్ ఫోలింగ్ గుర్తించాడు. బుద్ధి ఎదగని ఇద్దరు తోబుట్టువుల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడు కలిపితే ఆకుపచ్చ రంగు వచ్చింది. (మీ బడి ప్రయోగశాలలో సీసాలో ఉండేదే!)

ఫినైల్‌అలనిన్ తక్కువగా ఉన్న ఆహారంతో మేలు కలుగుతుందని 1950లలో ఇంగ్లండులో హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు చూపారు. కాని ఆ మూత్ర పరీక్ష పుట్టిన కొన్ని వారాలకు గాని తేలదు. అప్పటికి జరిగిన నష్టం మళ్లీ పూడదు.

అమెరికాలోని బఫలో నగరంలో రాబర్ట్ గత్రీ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన కొడుకుకు వేరే కారణంగా బుద్ధిమాంద్యం ఉంది. ఆయన భార్య తోబుట్టువుకు ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమెకు ఈ జబ్బు ఉన్నట్లు ఏడాది దాటాక గాని తెలియలేదు. పుట్టిన ప్రతి బిడ్డనూ మొదటి రోజుల్లోనే పరీక్షించాలని గత్రీ పట్టుబట్టాడు.

ఆయన కొలత పనిని ఒక బాక్టీరియాకు అప్పగించాడు! బాసిల్లస్ సబ్టిలిస్‌ను అగర్ జెల్లీలో కలిపి, థయనైల్‌అలనిన్ అనే పదార్థం చేర్చాడు. ఇది చూడటానికి ఫినైల్‌అలనిన్ లాగే ఉంటుంది. బాక్టీరియా మోసపోయి దీనినే తీసుకుని పెరగలేకపోతుంది. అసలు ఫినైల్‌అలనిన్ ఎక్కువగా అందితే మాత్రం ఆ మోసం సాగదు, పెరుగుదల మొదలవుతుంది. రక్తం ఇంకిన కాగితపు బిళ్లను జెల్లీపై ఉంచి, ఒక రాత్రి వెచ్చగా ఉంచితే, జబ్బున్న బిడ్డ బిళ్ల చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. తెలిసిన మోతాదుల బిళ్లలు పక్కనే ఉంటాయి కనుక, వలయం ఎంత వెడల్పుంటే రక్తంలో అంత ఎక్కువని చూసి చెప్పవచ్చు.

నాకు మరీ నచ్చేది ఆ కాగితం. మడమ మీద పొడిచి, చుక్కలను దళసరి వడపోత కాగితంపై ఇంకనిచ్చి ఆరబెడతారు. గాజు గొట్టం అక్కరలేదు, పగిలే భయం లేదు, కవరులో పెట్టి టపాలో పంపవచ్చు. మరి చుక్క పెద్దదీ చిన్నదీ అయితే లెక్క తప్పదా? మీరే చూడండి. వడపోత కాగితంపై సిరా చుక్కలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, వేయండి. పెద్దది ఎక్కువ దూరం పాకుతుంది గాని, రెండింటిలోనూ ఒకే సైజు బిళ్ల కత్తిరిస్తే సిరా దాదాపు సమానంగానే ఉంటుంది.

1960లలో అమెరికాలోని 29 రాష్ట్రాలలో 4 లక్షలకు పైగా పసిబిడ్డలను ఇలా పరీక్షిస్తే 39 మందిలో జబ్బు బయటపడింది. బిడ్డ ఒకటి రెండు రోజులు పాలు తాగాకే రక్తం తీయాలి. ఎందుకో ఆలోచించండి: పుట్టక ముందు తల్లి కాలేయమే ఆ పని చేసి పెట్టింది!

గత్రీ 1995లో మరణించాడు. ఇప్పుడు అనేక ప్రయోగశాలల్లో బాక్టీరియాకు బదులు ద్రవ్యరాశి వర్ణపటమాపకం వాడి, అదే ఎండిన చుక్క నుంచి పదుల సంఖ్యలో జబ్బులను ఒకేసారి వెతుకుతున్నారు.