కుక్కతో షికారా? ముందు నీడ చూసుకో చెల్లీ!

ఏం చెల్లీ, మీ కుక్కపిల్ల పెద్దదైపోయిందంట కదా! ఇంట్లో చెప్పులన్నీ కొరికి పారేస్తోందని, కట్టేస్తే వీధంతా వినిపించేలా అరుస్తోందని నీ గోల. దానికి తిట్లు ఎక్కవమ్మా. దానికి కావలసింది నడక. రోజూ వీధి చివరి కరెంటు స్తంభం దాకా వెళ్లి రావడం ఒక లెక్కే కాదు. వారానికోసారైనా ఊరు దాటించి, మట్టి వాసన చూపించి తీసుకురా. కుక్కకు కళ్లకంటే ముక్కు ముఖ్యం. గంటసేపు కొత్త చోట వాసనలు చూసిన కుక్క ఇంటికొచ్చి చెప్పుల జోలికి పోదు, హాయిగా పడి నిద్రపోతుంది.

నీ సంగతీ చెప్తా విను. మన పెనుకొండలో గానీ, హిందూపురంలో గానీ, ధర్మవరంలో గానీ ఆడమనిషి ఊరికే నడవడానికి బయల్దేరితే ఎన్ని ప్రశ్నలు! "యాడికి పోతాండావమ్మా ఒక్కదానివే?" గుడికంటే సరే, సంతకంటే సరే. ఊరికే అంటే మాత్రం ఎవరికీ మింగుడుపడదు. అదే చేతిలో తాడు, తాడు చివర కుక్క ఉన్నాయనుకో, "కుక్కను తిప్పుకోని వస్తాంది" అని వాళ్లే జవాబు చెప్పేసుకుంటారు. పిల్లలు, వంట, అత్తగారి మందులు అన్నీ చూసుకున్నాక మనకంటూ మిగిలే గంటకు ఇంతకంటే మంచి సాకు నాకైతే తెలీదు.

అయితే ఒక్క మాట. మనం ఎక్కడికన్నా బయల్దేరితే ఏమేం చూడాలో ముందు రాసుకుంటాం. కుక్కతో వెళ్లేటప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. నీడ ఎక్కడుంది, నీళ్లెక్కడున్నాయి, కాలి కింద నేల ఎట్లా ఉంది, ఈ మూడూ చూసుకున్నాకే ఊరి పేరు ఎత్తాలి. మనది కోనసీమ కాదు కదా! ఏడాది మొత్తంలో వాన గట్టిగా పడని సీమ. చుట్టూ బండరాళ్ల గుట్టలు. పగలంతా ఎండ తాగిన బండ సాయంత్రం ఆరైనా సెగ కక్కుతూనే ఉంటుంది. మనకు చెప్పులున్నాయి, దానికి లేవు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, దానికి పాదాల దగ్గర తప్ప పెద్దగా పట్టదు. నాలుక చాపి ఒగర్చడమే దానికున్న దారి. అందుకే బయల్దేరే ముందు నీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టు. చెయ్యి తీసేయాలనిపిస్తే ఆ పూట షికారు లేనట్టే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి రోజులు. మార్చి వచ్చిందంటే తెల్లారకముందే బయల్దేరి ఎనిమిదింటికల్లా గడప తొక్కాలి.

దగ్గర్లో మొదలుపెట్టాలంటే మన పెనుకొండ కోట అడుగునే చాలు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయాక తిరుమల రాయలు విజయనగర రాజధానిని ఇక్కడికే మార్చుకున్నాడు కదా. ఆ రాజధాని గోడలు, పాత దర్వాజాలు, గగన్ మహల్ పరిసరాలు తెల్లవారుజామున భలే ఉంటాయి. గోడ పక్కన కొంచెం నీడ, మట్టి దారి, జనం తక్కువ. పైనున్న నరసింహస్వామి గుడి దాకా మెట్లెక్కిద్దామని మాత్రం సరదా పడకు. కోతులున్నాయి. కోతిని చూసిన కుక్క నీ మాట వినదు, తాడుతో పాటు నిన్నూ లాక్కుపోతుంది. పొదల్లోకి అసలు వదలొద్దు. మన గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి, చిరుతలున్నాయి. చిరుతకు కుక్క కంటే ఇష్టమైన తిండి ఇంకోటి లేదంటారు. తాడు లేకుండా ముందు పరిగెత్తే కుక్క, వెనక ఈల వేసుకుంటూ యజమాని, ఇవన్నీ సినిమాల్లో బాగుంటాయి.

సాయంత్రం పూటైతే గొల్లపల్లి రిజర్వాయరు వైపు గాలి బాగుంటుంది. హంద్రీ-నీవా నీళ్లొచ్చాక ఆ పక్క కళే మారిపోయింది. కట్ట మీద నడువు, నీళ్లలోకి మాత్రం దించకు. రాతి వాలు మీద పాచి పట్టి ఉంటుంది, దిగిన కుక్క పైకెక్కలేక గోళ్లతో గీరుకుంటుంది. పైగా అవి జనం తాగే నీళ్లు. తాగడానికి ఇంటినుంచే పట్టుకెళ్లు. పదిహేను కిలోల కుక్క మామూలు రోజుల్లోనే ముప్పావు లీటరుకు తక్కువ తాగదు. నడిచే రోజు రెండు లీటర్ల సీసా, ఒక వెడల్పు స్టీలు గిన్నె సంచిలో పడెయ్.

ఇప్పుడు అందరూ అడిగేది లేపాక్షి. ఇక్కడ నిక్కచ్చిగా చెప్తున్నా, కుక్కతో లేపాక్షి వద్దు. వీరభద్రస్వామి గుడి, ఆ పెద్ద నంది రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రక్షిత కట్టడాల్లోకి జంతువులను తీసుకురాకూడదని 1959 నాటి నిబంధనల్లోనే ఉంది. కాపలా ఉండే అతనితో గొడవ పెట్టుకోవడం దేనికి? కార్లో పెట్టి "పది నిమిషాల్లో వచ్చేస్తాం" అని మాత్రం అనుకోకు. బయట ముప్పై డిగ్రీలే ఉన్నా అరగంటలో అద్దాలు మూసిన కారు లోపల నలభై అయిదు దాటిపోతుంది. లేపాక్షికి ఇంకో రోజు, మీ అత్తగారితో వెళ్లు.

చిలమత్తూరు మండలం వీరాపురం కూడా అంతే. చలికాలం వచ్చేసరికి అక్కడికి ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకుని, వానలు మొదలయ్యాక వెళ్తాయి. ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. గూటి నుంచి పిల్ల జారి కింద పడుతుంటుంది. అట్లాంటి చోటికి కుక్కతో వెళ్లి నిలబడితే వాళ్లకు ఒళ్లు మండదా మరి!

నీడ అంటే నీడే కావాలంటావా, కదిరి దాటి తిమ్మమ్మ మర్రిమాను ఉంది. అయిదెకరాలకు పైగా పరుచుకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. కానీ అది పూజలందుకునే చోటు. శివరాత్రి జాతరప్పుడు ఇసకేస్తే రాలని జనం. మామూలు రోజుల్లో కూడా అక్కడున్నవాళ్లను అడిగి, ఊఁ అంటేనే కుక్కను దించు. వద్దంటే ముఖం మాడ్చుకోకు. ఇంకా కొంచెం దూరం పోతే రోడ్డు పక్క చింతతోపులు బోలెడు.

ఎట్లా పోవాలంటావా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గంలో ఉన్నాయని ఆశపడకు. జనరల్ పెట్టెలోకి కుక్కను ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో గది మొత్తం మనమే తీసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో వేయాలి. ఈ కాస్త దూరానికి ఆ రెండూ దండగే. తెలిసిన ఆటో అయితే మేలు. స్కూటీ ముందు కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకోవడం మాత్రం మానుకో. ఏ పిల్లినో చూసి అది దూకితే ఇద్దరూ రోడ్డు మీదే.

ఊరు దాటాక మన ఆనందం ఒకటే కాదు, ఎదుటివాళ్ల బతుకుతెరువూ చూడాలి. జూన్, జూలైలో శెనక్కాయ విత్తిన చేలో కుక్క పరిగెడితే మొలక పోతుంది. రేషం (మల్బరీ) తోట దగ్గరికైతే పోనే పోవద్దు. ఆకు కాస్త మైలపడినా పట్టుపురుగు జబ్బు పడుతుందని రైతులు ప్రాణం అరచేతిలో పెట్టుకుంటారు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు పట్టుకెళ్లేదాకా వాళ్లకు నిద్రుండదు. ఇక గొర్ల మంద ఎదురైతే దారి దిగి పక్కకు జరుగు. కుక్కను నీ కాళ్ల వెనక్కి లాగి కూర్చోబెట్టు. మంద మొత్తం దాటేదాకా తాడు పొట్టిగా పట్టుకో. మందతో వచ్చే కుక్కలు మాత్రం ఊరుకోవు, మొరుగుతూ వస్తాయి. పరిగెత్తకు. కిందికి వంగి రాయి తీస్తున్నట్టు నటిస్తే చాలు, చాలావరకు ఆగిపోతాయి. నిజంగా విసరనక్కర్లేదు. కాపరి అన్న ఒక్క కేక వేస్తే వెనక్కి పోతాయి. ఆయనకు ఒక దండం పెట్టి పో, ఇంకోసారి ఆయనే నీకు దారి చెప్తాడు.

తిండి సంగతి. ఉప్పు వేయని రాగి సంగటి ముద్ద ఒకటి, కాస్త పెరుగు, దానికి అదే పెళ్లి భోజనం. మన ఉగ్గానిలో ఉల్లిపాయ ఉంటుంది, కుక్కకు ఉల్లి విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే. ఉడికించిన కోడి ఎముకలు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పు, వాళ్లే కదా దొంగచాటుగా పెట్టేది.

ఇంటికి రాగానే నువ్వు టీ పెట్టుకునేలోపు చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు పాదాలూ ఒక్కోటిగా తీసుకుని, వేళ్ల మధ్య వెంట్రుకలు విడదీసి చూడు. మన నేల మీద పల్లేరు కాయ లేని దారి లేదు. దాని ముల్లు మెత్తని చోట దిగి విరిగిపోతుంది. పైకి నల్ల చుక్కే కనబడుతుంది. కుక్క అదేపనిగా పాదం నాకుతోందంటే ముల్లు అక్కడే ఉందని గుర్తు. తరువాత చెవి మడత లోపల, మెడ కింద, తోక మొదట్లో వేళ్లతో తడుము. గోరుకు గట్టి గింజలాగా తగిలితే అది పిడుదు. నలపొద్దు. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి మెల్లగా తిన్నగా లాగి, సబ్బునీళ్లలో వెయ్. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కుక్క రక్తాన్ని పీల్చేస్తుంది. రెండు పూటలు తిండి మానేస్తే పశువుల డాక్టరుకు చూపించాల్సిందే.

ఎండదెబ్బ గుర్తులు కూడా తెలిసుండాలి. ఆగకుండా ఒగర్చడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రబారడం, కాళ్లు తడబడటం. వెంటనే నీడకు చేర్చి, కడుపు మీద, పాదాల మీద నీళ్లు పోసి విసురు. పాము కాటేసిందని అనుమానమొస్తే మంత్రం కోసం తిరగొద్దు. నడిపించకుండా ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు. 1962 నంబరు ఫోన్లో ఇప్పుడే వేసిపెట్టుకో, సంచార పశువైద్యం వాళ్లది.

కుక్కంటే భయమున్నవాళ్లను చూసి నవ్వకు. చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లకు ఆ భయం జన్మంతా పోదు. ఎదురొస్తే నువ్వే పక్కకు జరుగు. మన పెంపుడు జంతువును అజాగ్రత్తగా వదిలి మనుషుల ప్రాణానికో, తీవ్రగాయానికో ముప్పు తెస్తే, భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, అయిదు వేల దాకా జరిమానా గానీ పడుతుంది. రెండూ కూడా పడొచ్చు. ఇక కుక్క దారిలో చేసిన పాడుపని కాగితంతో తీసెయ్, సిగ్గుపడాల్సిందేం లేదు. తీయకపోతేనే సిగ్గు.

ఆదివారం బయల్దేరే ముందు టీకా కార్డు తీసి చూడు చెల్లీ. రేబిస్ టీకా మూడో నెలలో మొదటిది, ఆ తరువాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ మళ్లీ. తేదీ దాటి ఉంటే షికారు వచ్చే వారానికి వాయిదా వేసి, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లు. బయట ఏ కుక్కైనా నిన్ను కరిస్తే గాయాన్ని సబ్బు పెట్టి ధారగా కారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోవాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు.