సముద్రం మధ్య చెరసాల: అండమాన్ సెల్యులార్ జైలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సెల్యులార్ జైలును ఎలా కట్టారో చెప్పగలుగుతారు.
• అక్కడి ఖైదీలు చదువు కోసం చేసిన పోరాటాన్ని వివరించగలుగుతారు.
• అండమాన్‌తో తెలుగువారికి గల సంబంధాన్ని గుర్తించగలుగుతారు.

1. బయలుదేరే ముందు

మీరు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉంటున్నారనుకుందాం. మీ ఊరి జైలుకూ స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో చోటుంది. హిందీ కవి మాఖన్‌లాల్ చతుర్వేది అక్కడ ఖైదీగా ఉన్నప్పుడే, 1922లో, 'పుష్ప్ కీ అభిలాషా' అనే కవిత రాశారు. అయితే బిలాస్‌పూర్ జైలులో ఉన్నవారిని చూడడానికి బంధువులు రైలెక్కి రావచ్చు. అండమాన్‌కు పంపినవారికీ వారి ఇంటికీ మధ్య సముద్రం ఉంది.

2. ప్రయాణం

బిలాస్‌పూర్ నుంచి రాయపూర్, రాయగడల మీదుగా రైలులో విశాఖపట్నం చేరవచ్చు. విశాఖ, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి అండమాన్‌కు ప్రయాణికుల నౌకలు నడుస్తాయి. విశాఖ నుంచి తరచుగా ఉండవు కాబట్టి తేదీలు ముందే కనుక్కోవాలి.

చెన్నై నుంచి దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. డెక్కు మీద నిలబడితే ఎటు చూసినా నీళ్లే. 'కాలాపానీ' అంటే నల్లనీళ్లు. సముద్రం దాటితే కులం పోతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. కనుక ఆ శిక్ష మనిషిని ఊరి నుంచే కాదు, తనవారి నుంచి కూడా వేరుచేసేది. నౌక చేరే పట్టణం పోర్ట్‌బ్లెయిర్. 2024లో దాని పేరును శ్రీ విజయపురంగా మార్చారు.

3. జైలు నిర్మాణం

ఈ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మధ్యలో ఒక కావలి బురుజు. దాని చుట్టూ సైకిలు చక్రపు చువ్వల్లా ఏడు భాగాలు. ఒక్కొక్కటి మూడంతస్తులు. మొత్తం దాదాపు 700 గదులు. గదికి ఒక్కడే ఖైదీ. 'సెల్' అంటే చిన్న గది. అందుకే దీనికి సెల్యులార్ జైలు అని పేరు.

ఒక భాగంలోని గదుల తలుపులు పక్క భాగపు వెనక గోడవైపు ఉంటాయి. అందువల్ల ఎదుటి గదిలోని మనిషి ముఖం కనిపించదు. పగలు గానుగ తిప్పే చాకిరి, రాత్రి ఒంటరితనం. ఇక్కడ గోడలే ఒక శిక్ష. మీరు చూడడానికి వెళ్లినప్పుడు ఒక గదిలో కాసేపు ఒంటరిగా నిలబడండి. ఈ విషయం వెంటనే అర్థమవుతుంది.

4. దీపం కోసం, పుస్తకం కోసం

1933 మే నెలలో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష చేశారు. తినదగిన భోజనం, గదిలో దీపం, చదువుకొనే అవకాశం వారి కోరికలలో ముఖ్యమైనవి. అధికారులు బలవంతంగా గొట్టంతో పాలు పోయించారు. భగత్‌సింగ్ సహచరుడు మహావీర్‌సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలు కోల్పోయారు. చివరకు కోరికలు నెరవేరాయి. దీపాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. ఖైదీలు ఒకరికొకరు పాఠాలు చెప్పుకొన్నారు. మనుషులను విడదీయడానికి కట్టిన జైలు అలా బడి అయింది.

5. తెలుగువారు

అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించారు. తరువాత 1952లో లోక్‌సభ సభ్యుడయ్యారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని కూడా అండమాన్‌కే పంపారు.

ఇప్పుడు ఏడు భాగాలలో మూడే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న ఈ జైలును జాతీయ స్మారకంగా ప్రకటించారు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. గదుల తలుపులను పక్క భాగపు వెనక గోడవైపు ఎందుకు పెట్టారు?
2. 1933 దీక్షలో ఖైదీలు దీపం ఎందుకు అడిగారు?
3. కృత్యం: మీ చదువుకు ఏ అడ్డంకులు వచ్చాయి? వాటిని ఎలా దాటుతున్నారు? ఐదు వాక్యాలు రాయండి.