జలుబు చేస్తే కీళ్లవాతం మందు ఆపాలా?

ప్రశ్న: నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటాను. ధనుర్మాసం మంచుకు జలుబు పట్టింది. మందు ఆపాలా?
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: ఉత్త జలుబే అయితే సాధారణంగా ఆపనక్కర్లేదమ్మా. జ్వరం, ఆయాసం ఉన్నా, యాంటీబయాటిక్ మొదలుపెట్టినా ఆ వారం డోసుకు ముందే మీ రుమటాలజిస్టును అడగండి. స్టెరాయిడ్ వాడుతుంటే దాన్ని మాత్రం హఠాత్తుగా మానకూడదు.

నా భయమంతా మందుల షాపు గురించే. విజయవాడలోనైనా, పల్లెలోనైనా చీటీ లేకుండా జలుబు బిళ్లలు కట్టి ఇచ్చేస్తుంటారు. వాటిలో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు ఉండి, మీరు ఇప్పటికే వేరే నొప్పి బిళ్ల వాడుతుంటే, దానికి ఇది తోడవుతుంది. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ అయితే ఇంకా ప్రమాదం. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు బాగా పడిపోవచ్చు. ఒళ్లునొప్పులకు డోసు మించకుండా పారాసిటమాల్ చాలు. మిరియాల చారు నిక్షేపంగా తాగండి. తగ్గాక ఫ్లూ టీకా గురించి డాక్టరుతో మాట్లాడండి.